మార్త ఒప్పుకోలు

పోయిన ఏడాది మా అమ్మ చనిపోయింది. ఎనభై నాలుగేళ్ళు. చివరి పదకొండేళ్ళు ఎల్.బి.నగర్‌లో తమ్ముడి దగ్గరే ఉంది. భూస్థాపన జరిగిన మూడో వారం, తమ్ముడి కుటుంబం వెళ్ళే సంఘంలో ఆదరణ కూడిక పెట్టారు. హైవేకి కాస్త లోపలగా, టైర్ల షాపు పైన రేకుల షెడ్డు వేసి నడుపుతున్న సంఘం అది. కూడిక మొదలవడానికి ముందు పాస్టర్ గారి దగ్గరకు వెళ్ళి, "అయ్యగారూ, అమ్మ గురించి పది నిమిషాలు మాట్లాడతాను" అన్నాను. ఆయన ఎంతో మర్యాదగా, "తప్పకుండా సాక్ష్యం చెప్పండమ్మా. వాక్యం బ్రదర్ గారు అందిస్తారు" అన్నారు.

అమ్మ పేరు మార్తమ్మ కాబట్టి యోహాను సువార్త పదకొండో అధ్యాయం నుంచి కొంచెం చదివి, దాని మీద నాలుగు మాటలు చెప్పాలని నా కోరిక. ఆ మాటే అన్నాను. "చదివి వివరిస్తే అది వాక్యంలోకి వస్తుందమ్మా. మా సంఘంలో స్త్రీలు సాక్ష్యం చెబుతారు, ప్రత్యేక పాట పాడతారు. వాక్యం మాత్రం..." అంటూ మాట పూర్తి చెయ్యకుండా, టేబుల్ మీదున్న మూడు మడతల కరపత్రం నా చేతికిచ్చారు. "మేము నమ్మేదంతా ఇందులో ఉంది, చూడండి."

ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. నా చేతికి ఏ కాగితం ఇచ్చినా దాన్ని పాఠ్యంగా చదవడం నాకు అలవాటైన జబ్బు. ఎల్.బి.నగర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేలోపు ఆ కరపత్రం మొత్తం చదివేశాను. తరవాత వారం రోజులు దాన్ని చదువుతూనే ఉన్నాను.

దాని శీర్షిక "మేము విశ్వసించునది". కింద పన్నెండు అంశాలు. బైబిలు దేవుని వాక్యమనీ, దేవుడు తండ్రి కుమార పరిశుద్ధాత్మ అనీ, క్రీస్తు కన్యకు పుట్టాడనీ, సిలువ మీద మన పాపాల కోసం చనిపోయాడనీ, మూడో రోజున లేచాడనీ, మళ్ళీ వస్తాడనీ, నీటిలో ముంచి ఇచ్చేదే బాప్తిస్మమనీ... ఇలా పదకొండు. వీటిలో చాలావాటిని ప్రపంచంలో ఏ క్రైస్తవ సంఘమూ కాదనదు. పన్నెండోది "కుటుంబ క్రమము". పురుషుడు శిరస్సు, స్త్రీ లోబడవలెను, సంఘములో మౌనముగా ఉండవలెను. ఒక్కో అంశం పక్కన వచనాల అంకెలు.

ముందు ఆ "మేము" దగ్గర ఆగాను. తెలుగు వాళ్ళకు "మేము" వేరు, "మనము" వేరు. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, బయట నిలబెడితే మేం. ఇంగ్లీషులోనో హిందీలోనో ఈ తేడా కనిపించదు, మన భాష దాచనివ్వదు. కరపత్రం బయటివాళ్ళ కోసం రాసింది కాబట్టి "మేము" సహజమే అనుకోవచ్చు. కానీ పన్నెండో అంశానికి వచ్చేసరికి ఆ "మేము"లో మా అమ్మ ఉందా, మా మరదలు ఉందా అని అనుమానం వచ్చింది. మౌనంగా ఉండాలని మేము నమ్ముతున్నాం అని చెప్పడానికి కూడా నోరు తెరవాలి కదా.

మా అమ్మకు తెలిసిన విశ్వాస ప్రమాణం ఇది కాదు. ఆమెది దక్షిణ ఇండియా సంఘం. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లు మద్రాసులో కలిసి ఏర్పరచుకున్న సంఘం. అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్నీ నీకేయ విశ్వాస ప్రమాణాన్నీ తన నమ్మకానికి సారంగా ఒప్పుకుంది. అమ్మ ఆదివారం ఆదివారం గుళ్ళో నిలబడి చెప్పింది మొదటిది. అది "నమ్ముచున్నాను" అని ఏకవచనంలో ఉంటుంది. తెలుగులో ఉత్తమ పురుష క్రియకు లింగం లేదు. దొర చెప్పినా, పాలేరు చెప్పినా, పాలేరు పెళ్ళాం చెప్పినా అదే మాట, అదే ముగింపు. చిన్నప్పుడు అమ్మ పక్కన నిలబడి ఆ మాట విన్నప్పుడు నాకు వ్యాకరణం తెలియదు. కానీ ఇంట్లో ఎప్పుడూ "మీ నాన్ననడుగు" అనే అమ్మ ఆ ఒక్క చోట ఎవర్నీ అడక్కుండా "నేను" అంటోందని మాత్రం గమనించాను.

"ప్రమాణం" అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఒకటి కొలబద్ద, ఇంకొకటి ఒట్టు. మా అమ్మమ్మకూ అమ్మకూ అది ఒట్టు. కరపత్రం రాసినవాళ్ళకు కొలబద్ద.

ఒట్టు అని ఊరికే అనడంలేదు. అమ్మమ్మ వాళ్ళది డోర్నకల్ ప్రాంతం. 1912లో డోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు. ఆయన కాలంలో మాల మాదిగ పల్లెల్లో చదువురాని వేలమందికి విశ్వాస ప్రమాణమూ పరలోక ప్రార్థనా పాటలూ నోటికి నేర్పాకే బాప్తిస్మం ఇచ్చేవారు. పొలం నుంచి వచ్చి, గంజి కాచుకుని, రాత్రిపూట దీపం చుట్టూ కూర్చుని నేర్చుకున్నామని అమ్మమ్మ చెప్పేది. బాప్తిస్మం పొందినవాళ్ళచేత తమ తలమీద తామే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న అర్థం వచ్చే పౌలు మాటలు ఆయన పలికించేవాడని అజరయ్య గురించి రాసినవాళ్ళు నమోదు చేశారు. మగవాళ్ళకు ఒక మాట, ఆడవాళ్ళకు ఇంకో మాట పెట్టలేదు. మా అమ్మమ్మ కూడా తన తల మీద చెయ్యి పెట్టుకుని, మాట్లాడతానని ఒట్టు వేసింది. ఆమె మనవరాలిని ఎల్.బి.నగర్‌లో మాట్లాడొద్దన్నారు.

అయితే అమ్మ చెప్పిన ఆ పాత ప్రమాణం మనకు అంతా అనుకూలమని నేననడంలేదు. దాన్నీ చదవాలి. దేవుణ్ణీ క్రీస్తునూ పక్కన పెడితే అందులో మనుషుల పేర్లు రెండే. మరియ, పొంతి పిలాతు. ఒకామె పుట్టుకిచ్చింది, ఒకడు చావు శిక్ష వేశాడు. పుట్టుకకూ శిక్షకూ మధ్య ఏమీ లేదు. కన్యకు పుట్టాడు అన్న వెంటనే పిలాతు కాలంలో శ్రమపడ్డాడు అని వస్తుంది. ముప్ఫై మూడేళ్ళ బతుకు ఒక కామాలో మాయమైంది. ఆ కామాలో ఎవరున్నారో సువార్తలు తెలిసిన ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. బావి దగ్గర నీళ్ళడిగించుకున్న సమరయ స్త్రీ, పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి గుంపులో వెనకనుంచి వచ్చి అంగీ అంచు ముట్టుకున్న స్త్రీ, కూతురి కోసం యేసుతోనే వాదించి గెలిచిన కనాను స్త్రీ, రాళ్ళతో కొట్టడానికి లాక్కొచ్చిన స్త్రీ, అత్తరు బుడ్డి పగలగొట్టిన స్త్రీ. అంటు, ముట్టు, జాతి, లైంగికత అని మనం ఇవాళ పేర్లు పెట్టి చర్చించేవన్నీ ఆ కామాలోనే ఉన్నాయి. పిలాతు పేరు రెండు వేల ఏళ్ళుగా ప్రతి ఆదివారం పలుకుతున్నారు. వీళ్ళలో ఒక్కరి పేరు కూడా సువార్తలే ఇవ్వలేదు.

ఇక కన్య. మరియ గురించి చెప్పవలసింది ఆ ఒక్క విశేషణమేనా? దీని మీద స్త్రీవాద వేదాంతులు చాలా రాశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా అమ్మకు మాత్రం మరియ అంటే కన్య కాదు, కొడుకు శవాన్ని చూసిన తల్లి. మా అన్నయ్య ఇరవై రెండేళ్ళకు పోయాడు.

సాక్ష్యం, వాక్యం అని పాస్టర్ గారు చేసిన విభజన దగ్గరకు వస్తాను. ఈ విభజన ఆయన సొంతం కాదు. ఎల్.బి.నగర్ నుంచి హయత్‌నగర్ దాకా నేను చూసిన చిన్న సంఘాల్లో చాలాచోట్ల ఇదే పద్ధతి. జ్వరం తగ్గింది, కొడుక్కి ఉద్యోగం వచ్చింది, తాగుబోతు భర్త మారాడు అని ఆడవాళ్ళు లేచి చెబుతారు. అది సాక్ష్యం. మగాయన లేచి వచనం చదివి అర్థం చెబుతాడు. అది వాక్యం. అనుభవం ఆడవాళ్ళది, అర్థం మగవాళ్ళది. సాహిత్యంలోనూ మనకిది పరిచయమే. స్త్రీలు ఆత్మకథ రాస్తే మెచ్చుకుంటారు, విమర్శ రాస్తే మొహం చిట్లిస్తారు.

కానీ కరపత్రంలోని అయిదో అంశాన్ని చూడండి. మూడో దినాన లేచాడు. క్రైస్తవ విశ్వాసమంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది, అది అబద్ధమైతే మా నమ్మకం వ్యర్థమని పౌలే ఒప్పుకున్నాడు. లేచాడని మొదట చెప్పిందెవరు? నాలుగు సువార్తలూ చాలా విషయాల్లో తేడాగా చెబుతాయి గానీ, తెల్లవారుజామున సమాధి దగ్గరకు వెళ్ళింది స్త్రీలేనన్న విషయంలో, వాళ్ళలో మగ్దలేనే మరియ ఉందన్న విషయంలో నాలుగూ ఒకటే మాట. ఆ కాలపు యూదు సమాజంలో ఆడదాని సాక్ష్యానికి విలువ తక్కువ. లూకా దాచుకోకుండా రాశాడు, వాళ్ళ మాటలు అపొస్తలులకు వెర్రిమాటల్లా అనిపించాయట. తరవాత పౌలు కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం పదిహేనో అధ్యాయంలో, లేచినవాడు ఎవరెవరికి కనబడ్డాడో వరసగా చెప్పాడు. కేఫా, పన్నెండుగురు, అయిదు వందలమందికి పైగా సహోదరులు, యాకోబు, చివరకు తాను. మగ్దలేనే మరియ లేదు. కరపత్రం అయిదో అంశం పక్కన ఇచ్చిన వచనాలు సరిగ్గా ఈ అధ్యాయం నుంచే.

అంటే సాక్ష్యం వాక్యంగా మారేటప్పుడు సాక్షి పేరు రాలిపోయింది. ఆడవాళ్ళకు సాక్ష్యం చాలు అని పాస్టర్ గారు అన్నప్పుడు, తమ సంఘానికి పునాది ఏదో దాన్నే తెలియకుండా నా చేతిలో పెట్టారని నాకు అనిపించింది.

ఇప్పుడు మార్త. మా ఇళ్ళల్లో మార్తమ్మలు, మరియమ్మలు, ఎస్తేరమ్మలు, రూతమ్మలు వాడకు నలుగురు ఉండేవాళ్ళు. మార్త అనగానే ఆదివారం బడిలో చెప్పే కథ ఒకటే. చెల్లెలు మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని వింటుంటే మార్త వంటపనిలో సతమతమై ఫిర్యాదు చేసింది, యేసు ఆమెనే మందలించాడు. లూకా పదో అధ్యాయం. మా అమ్మను ఈ కథతో జీవితమంతా ఎగతాళి చేశారు. గుడి పండగలకు వంద మందికి కూర వండేది తనే, "మార్తా మార్తా" అని నవ్వించుకునేదీ తనే. వండింది తిని మరీ నవ్వేవాళ్ళు.

యోహాను పదకొండో అధ్యాయంలో మార్త వేరే మనిషి. తమ్ముడు లాజరు చచ్చిపోయి నాలుగు రోజులైంది. ఆలస్యంగా వచ్చిన యేసుకు ఊరి బయటే ఎదురెళ్ళి, నువ్వు ఉండి ఉంటే నా తమ్ముడు చచ్చేవాడు కాదని మొహం మీదే అడిగింది. తరవాత జరిగిన సంభాషణ బైబిల్లో ఒక స్త్రీతో యేసు జరిపిన వేదాంత చర్చల్లో పెద్దవాటిలో ఒకటి. పునరుత్థానం గురించి ఆయన తన మాట చెప్పి, ఇది నమ్ముతున్నావా అని అడిగాడు. ఆమె నమ్ముతున్నానంది. నువ్వే క్రీస్తువి, దేవుని కుమారుడివి అని ఒప్పుకుంది.

మత్తయి పదహారో అధ్యాయంలో పేతురు ఒప్పుకున్నదీ దాదాపు ఇదే. ఆ ఒప్పుకోలుకు పేతురుకు పరలోకపు తాళపుచెవులు దొరికాయి, ఆ బండ మీద సంఘం కట్టబడిందన్నారు, రోములో ఆయన పేరున పెద్ద గుడే కట్టారు. అదే మాట అన్న మార్తకు పన్నెండో అధ్యాయంలో మళ్ళీ వడ్డించే పనే దొరికింది. కరపత్రం మూడో అంశంలో, యేసు క్రీస్తు దేవుని కుమారుడన్న చోట, పక్కన మత్తయి పదహారు ఉంది. యోహాను పదకొండు లేదు. నేను ఆ రోజు చదువుతానన్నది అదే అధ్యాయం.

పరిశుద్ధాత్మ అంశం గురించి పెద్దగా చెప్పను గానీ, తెలుగు చెప్పుకునేదాన్ని కాబట్టి ఒక్క ముక్క. హీబ్రూలో ఆత్మ అనే మాట స్త్రీలింగం. గ్రీకులో నపుంసకం. తొలినాటి సిరియా క్రైస్తవుల రచనల్లో ఆత్మను తల్లిగా చెప్పినవి ఉన్నాయి. తెలుగులో మనం ఆడమనిషినీ ఆవునూ బస్సునూ ఒకే "వచ్చింది"లో పడేసినవాళ్ళం. ఆత్మ కూడా మామూలుగా "అది"యే. మన పాత బైబిలు గ్రాంథిక క్రియల్లో "వచ్చెను" ఆయనకూ సరిపోతుంది, ఆమెకూ సరిపోతుంది. సర్వనామం దగ్గరకు వచ్చేసరికే ఎవరో ఒకర్ని ఎంచుకోవాలి. ఎంచుకున్నది "ఆయన". గౌరవించాలనుకున్నప్పుడు మన భాషకు ముందు తోచింది మగవాడే.

పన్నెండో అంశం పక్కనున్న వచనాల్లో మొదటిది ఆదికాండం రెండో అధ్యాయం. స్త్రీ పురుషునికి సహాయమట. తెలుగు బైబిల్లో ఆ వచనం తెరిచి చూస్తే "సహాయం" ముందు "సాటి" ఉంది. సాటి మనిషి, సాటి లేని అందం, సాటి రాలేదు అంటాం. తెలుగులో సమానం అనడానికి ఇంతకంటే ఇంటి మాట లేదు. మన తెలుగు అనువాదకులు తెలిసో తెలియకో అంత మంచి మాట వేస్తే, కరపత్రం దాన్ని కొట్టేసి సహాయాన్ని మాత్రం ఉంచుకుంది. పోనీ సహాయం అంటే లోబడడమా? కొండల వైపు చూసే 121వ కీర్తనలో సహాయం దేవుడి దగ్గరనుంచి వస్తుంది. మూలంలో రెండు చోట్లా ఒకే హీబ్రూ మాట. దేవుడు మనుషులకు లోబడ్డాడని ఏ పాస్టరూ చెప్పగా నేను వినలేదు.

రెండో వచనం కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం పద్నాలుగో అధ్యాయం, స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్నది. అదే ఉత్తరం పదకొండో అధ్యాయంలో ప్రార్థించే స్త్రీ, ప్రవచించే స్త్రీ తల మీద ముసుగు వేసుకోవాలని ఉంది. ఆ ముసుగును మాత్రం ఎల్.బి.నగర్ చిన్న సంఘాలు గట్టిగా పట్టుకున్నాయి. ఆదివారం ఉదయం మెట్రోలో తెల్లచీర, చేతిసంచీలో బైబిలు ఉన్నవాళ్ళను చూడండి, కొంగు ఎప్పుడు తల మీదకు వెళ్ళాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముసుగు వేసుకోమన్నాడంటే ప్రవచించడం అప్పటికే జరుగుతోందన్నమాట. ముసుగును ఉంచి ప్రవచనాన్ని తీసేశారు.

ఈ పన్నెండో అంశం ఎక్కడిదో తెలుసుకోవాలనిపించి తమ్ముణ్ణి అడిగాను. కొత్తపేటలో, పండ్ల మార్కెట్ అక్కడ ఉన్న రోజుల నుంచీ వాడికి డి.టి.పి. షాపు ఉంది. ఆ కరపత్రం కంపోజ్ చేసింది వాడే. పాత కంప్యూటర్‌లో 2009 నాటి ఫైలు, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసింది, తెరిచి చూపించాడు. అందులో అంశాలు పదకొండే. "పన్నెండోది తరవాత కలిపారక్కా. అయ్యగారు ఏదో సెమినార్‌కి వెళ్ళొచ్చాక, ఇంగ్లీషు కాగితం తెచ్చి తెలుగు చేయించారు" అన్నాడు. ఆ ఇంగ్లీషు కాగితం నేను చూడలేదు. కానీ అమెరికాలోని సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ తన విశ్వాస ప్రకటనను మొదట 1925లో రాసుకుంది. భార్య భర్తకు లోబడాలనే కుటుంబ అధ్యాయాన్ని 1998లో చేర్చింది. పాస్టర్ పదవి మగవాళ్ళకేనని 2000లో రాసింది. స్త్రీలు హక్కులడిగిన కాలం గడిచాకే ఈ వాక్యాలు అవసరమయ్యాయి. పదిహేను వందల ఏళ్ళకు పైబడిన ప్రమాణాలతో పాటు, అదే సైజు అక్షరాల్లో, మన కళ్ళముందు పుట్టిన అంశాన్ని కూర్చోబెడితే చదివేవాళ్ళకు రెండూ ఒకే వయసులా కనిపిస్తాయి.

ఇక్కడ కులం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. గలతీయులకు రాసిన ఉత్తరం మూడో అధ్యాయంలో యూదుడు గ్రీకువాడు, దాసుడు స్వతంత్రుడు, పురుషుడు స్త్రీ అన్న మూడు జతల తేడాలూ క్రీస్తులో లేవని ఉంది. మా పల్లెల్లో ఈ వచనం మీద వచ్చినన్ని ప్రసంగాలు ఇంక దేని మీదా రాలేదు. మొదటి రెండు జతలూ మాల మాదిగలకు తల ఎత్తుకోవడం నేర్పాయి. ఆ మేలు నేను మరచిపోను. మూడో జత దగ్గరకు వచ్చేసరికి, అది పరలోకంలో అమ్మా, అనేవాళ్ళు.

మాకు "నమ్ముచున్నాను" అనడం ఊరికే వచ్చిన మాటా కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కు దళితులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్ర, తెలంగాణల్లో మేం బి.సి.-సి, ఒక శాతం రిజర్వేషన్. మా పెద్దనాన్న పిల్లలకు బడిలో ఒక పేరు, గుళ్ళో ఒక పేరు. మా నాన్న పేరు దాచనన్నాడు. ఆ పంతానికి మేం చెల్లించిన ధర ఎంతో నా తరవాతి ఇద్దరి చదువులు చెబుతాయి. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన సెల్వరాణి అనే స్త్రీ కేసులో, బాప్తిస్మం పొంది గుడికి క్రమంగా వెళ్ళే మనిషి ఉద్యోగం కోసం ఎస్సీనని చెప్పడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆమె విశ్వాసాన్ని గురించి ఆమె కంటే గట్టిగా కోర్టు మాట్లాడింది. మా బంధువుల్లో సర్టిఫికెట్ ఉన్న మగవాళ్ళు గుడికి రావడం తగ్గించి, పెళ్ళాలను పంపడం చూస్తూనే ఉన్నాను. గుడి బరువును అలా ఆడవాళ్ళ మీద పెట్టి, అదే గుడిలో మాట్లాడొద్దంటున్నారు.

మనల్ని కూడా ఒక మాట అనాలి. తెలుగు స్త్రీవాదం రామాయణ భారతాలను ఎంతో చదివింది. సీత, అహల్య, శూర్పణఖ, రేణుక మళ్ళీ పుట్టారు, ఓల్గా 'విముక్త' మనందరికీ ఇష్టం. బైబిలు ఆడవాళ్ళు మాత్రం మన విమర్శలోకి రాలేదనే చెప్పాలి. అమెరికాలో ఎలిజబెత్ కేడీ స్టాంటన్ 1895లోనే 'ది విమెన్స్ బైబిల్' మొదటి భాగం తెచ్చింది. పండిత రమాబాయి హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మరాఠీలోకి బైబిలు మొత్తం అనువదించింది, అది ఆమె పోయాక 1924లో అచ్చయింది. అత్తరు పోసిన ఆ పేరులేని స్త్రీని తలచుకునే పేరు పెట్టి ఎలిజబెత్ షూస్లర్ ఫియరెంజా 1983లో రాసిన పుస్తకం మన విశ్వవిద్యాలయాల లైబ్రరీల్లో దుమ్ము పట్టి ఉంటుంది. మనకు బైబిలు మిషనరీల పుస్తకం, లేదా పల్లె జనం పుస్తకం. 'నల్లపొద్దు', 'నల్లరేగటిసాల్లు' వచ్చాక దళిత స్త్రీలు తమ బతుకు తామే రాసుకున్నారు, వినోదిని లాంటివాళ్ళు పల్లె జీవితాన్ని కథల్లోకి నేరుగా తెచ్చారు. మార్తమ్మ బతుకు సాహిత్యంలోకి వచ్చింది. మార్తమ్మ చదివిన పుస్తకం ఇంకా రాలేదు. ఇందులో నా వాటా కూడా ఉంది, ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి ఒక్కసారి కూడా ఆ పుస్తకం తరగతిలో తెరవలేదు.

ఈ మాటలన్నీ మా మరదలితో అన్నాను. ఆమె గిన్నెలు కడుగుతూ విని, "వదినా, మీరు గుడి మానేసి ఇరవై ఏళ్ళయింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నేను నలభై మంది ఆడవాళ్ళకు వాక్యం చెబుతాను. వాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో పాచి పని చేసేవాళ్ళు. మీరు చెప్పిన కనాను స్త్రీ గురించి మొన్ననే చెప్పాను" అంది. స్త్రీల కూడికలో స్త్రీ వాక్యం చెప్పొచ్చట. అది తప్పు కాదట. నేను పన్నెండో అంశాన్ని నిలదీస్తుంటే, ఆమె దాన్ని చుట్టు తిరిగి వచ్చి తన పని చేసుకుపోతోంది. ఇద్దరిలో ఎవరు ముందున్నారో నాకు వెంటనే తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. కానీ ఆదివారం మైకు శుక్రవారం చాప కాదు, నిర్ణయాలు జరిగేది ఆదివారమే. ఆ మాట ఆమె కూడా ఒప్పుకుంది. 2013లో ఇ. పుష్పలలిత గారు నంద్యాల అధ్యక్ష ఖండానికి బిషప్పు అయినప్పుడు, దక్షిణ ఇండియా సంఘం మొత్తంలో మొదటి స్త్రీ బిషప్పు ఒక తెలుగామె అని పేపర్లో చూసి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "మరి ఆవిడకి వంట ఎవరు చేస్తారే?" అంది. నేను నవ్వాను. వంద మందికి వండిన మనిషి అడిగిన ప్రశ్న అది, నవ్వాల్సింది కాదు.

ఆ రోజు కూడికలో నేను సాక్ష్యమే చెప్పాను. పుస్తకం తెరవలేదు. మా అమ్మ పేరు మార్త, తమ్ముణ్ణి పోగొట్టుకున్న మార్త ఊరి బయట ఏమడిగిందో, ఏమని ఒప్పుకుందో, కొడుకును పోగొట్టుకున్న మా అమ్మ అదే మాట ఆ ఏడాదంతా ఎలా అనలేకపోయిందో, తరవాత మళ్ళీ ఎలా అనగలిగిందో, నాకు తెలిసినంతవరకు చూడకుండా చెప్పాను. పన్నెండు నిమిషాలు పట్టింది. పాస్టర్ గారు రెండుసార్లు వాచీ చూసుకున్నారు గానీ ఆపలేదు. తరవాత వాక్యం చెప్పిన బ్రదర్ గారు, ఇప్పుడే సహోదరి చెప్పినట్టుగా అని మొదలుపెట్టి, లూకా పదో అధ్యాయం తెరిచారు.

కరపత్రం అయిపోవచ్చిందట. డిసెంబరులో కాలెండరు వెనక మళ్ళీ అచ్చు వేస్తారని తమ్ముడు చెప్పాడు. ప్రూఫు ఒకసారి నాకు పంపమన్నాను.

"అచ్చుతప్పులు చూడడానికేగా అక్కా?" అన్నాడు.

ఇంకా పంపలేదు.